పెద్దవాళ్లకు జ్వరం వస్తే: కొలవడం, రాసుకోవడం, కారణం వెతకడం ఎలా?

“రెండు రోజుల నుంచి జ్వరం. ఏ మాత్ర వేసుకోమంటారు?” అందరూ అడిగేది ఇదే. జవాబు చెప్పాలంటే ముందు మూడు సంగతులు తెలియాలి: జ్వరం ఎంతుంది, ఎప్పుడు మొదలైంది, దాంతోపాటు ఇంకేముంది. ఎక్కువమంది టెన్షన్ పడేది మొదటిదాని గురించే. కారణం మాత్రం చాలాసార్లు మూడోదాంట్లో దొరుకుతుంది. 103 డిగ్రీలు చూపించిన వైరల్ జ్వరం నాలుగు రోజుల్లో దానంతటదే పోవచ్చు. ఎప్పుడూ 100 దాటని జ్వరం వెనక క్షయ ఉండొచ్చు. అంకె చూసి హడలిపోవడం, అంకె చిన్నదని ఊరుకోవడం, రెండూ పొరపాటే.

ఇందులో చెప్పేవన్నీ 18 ఏళ్లు దాటినవాళ్లకే. పిల్లల లెక్కలు, మందు మోతాదులు వేరు.

ముందు ఇది చూడండి: ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

జ్వరంతోపాటు కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా వ్యాసం తర్వాత చదవొచ్చు. ముందు బయల్దేరండి.

- మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, ఫిట్స్
- మెడ పట్టేసి గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం, భరించలేని తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం
- ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదాలు నీలంగా మారడం, ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గడం
- ఒంటిమీద ఎర్రటి లేదా ఊదారంగు మచ్చలు వచ్చి, గాజుగ్లాసు ఆనించి నొక్కినా రంగు మాయం కాకపోవడం
- ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం
- చాలా గంటలుగా మూత్రం రాకపోవడం, లేచి నిలబడితే పడిపోయేలా ఉండటం, చేతులు కాళ్లు చల్లబడి చెమట పట్టడం
- 104 డిగ్రీలు (40 సెల్సియస్) దాటి, మందు వేసినా దిగకపోవడం

కొందరి విషయంలో ఈ లక్షణాల కోసం కూడా ఎదురుచూడకూడదు. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు, ఎక్కువ కాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు 100.4 చూడగానే ఆసుపత్రికి వెళ్లాలి. “మాత్ర వేసి చూద్దాం, తగ్గకపోతే వెళ్దాం” అన్న మాట వీళ్లకు పనికిరాదు. థైరాయిడ్ ఎక్కువై కార్బిమజోల్ వాడుతున్నవాళ్లకు జ్వరం, గొంతునొప్పి కలిసి వస్తే అదే రోజు తెల్లరక్తకణాల పరీక్ష జరగాలి. ఆ మందు అరుదుగా తెల్లకణాలను బాగా పడగొడుతుంది. గర్భిణులు కూడా జ్వరం వచ్చిన రోజే డాక్టరుతో మాట్లాడాలి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

డిజిటల్ థర్మామీటరు, ఒక కాగితం, పెన్ను, సెకన్లు చూపించే గడియారం. పారాసెటమాల్ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు. మీరు రోజూ వాడే మందుల చీటీ. పల్స్ ఆక్సీమీటరు ఉంటే మంచిది, లేకపోయినా పని నడుస్తుంది. పాత పాదరసం థర్మామీటరు ఉంటే పక్కన పెట్టేయండి. అది పగిలితే పాదరసం ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

1. సరిగ్గా కొలవండి

నుదుటిమీద చెయ్యి పెట్టి “కాలిపోతోంది” అనడం కొలవడం కాదు. చెయ్యి చల్లగా ఉంటే ఎవరి నుదురైనా వేడిగానే తగులుతుంది.

వేడిదైనా చల్లదైనా ఏదైనా తాగి ఉంటే అరగంట ఆగండి. స్నానం చేసినా, మెట్లెక్కి వచ్చినా అంతే. ఆ తర్వాత థర్మామీటరు కొనను నాలుక కింద వెనకవైపు, మధ్యలో ఉండే సన్నటి తీగకు ఒక పక్కగా ఆనించండి. నాలుక ముందు భాగంలో పెడితే తక్కువ చూపిస్తుంది. పెదాలు మూసి ముక్కుతోనే గాలి పీల్చాలి. బీప్ వచ్చేదాకా మాట్లాడొద్దు. వణుకుతున్న మనిషికి, మత్తుగా ఉన్న మనిషికి నోట్లో పెట్టకండి, చంకలో పెట్టండి.

చంకలో పెట్టేటప్పుడు ముందు చెమట తుడవండి. కొన చర్మానికే తగలాలి, మధ్యలో బట్ట ఉండకూడదు. చెయ్యిని ఒంటికి గట్టిగా అదిమి పట్టుకోవాలి. చంకలో వచ్చే అంకె నోట్లో కంటే సుమారు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ తక్కువ ఉంటుంది. దాన్ని మీరే కలిపి రాయకండి. వచ్చిన అంకె రాసి పక్కన “చంక” అని రాస్తే చాలు. కలిపారో లేదో తెలియని అంకె డాక్టరుకు ఉపయోగపడదు.

నుదుటికి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ పరికరం చెమట ఉన్నా, ఎండలోంచి వచ్చినా తప్పు చూపిస్తుంది. దానిలో తేడాగా కనిపిస్తే నోటి థర్మామీటరుతో సరిచూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతిసారీ ఒకే పరికరం, ఒకే చోటు. పొద్దున చంకలో 99, సాయంత్రం నోట్లో 100 వస్తే జ్వరం పెరిగిందని చెప్పలేం.

2. వచ్చిన అంకెను చదవండి

98.6 (37 సెల్సియస్) అనే లెక్క 1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిక్ ప్రకటించినది. ఈమధ్య అధ్యయనాల్లో సగటు అంతకంటే కొంచెం తక్కువగానే వస్తోంది. పైగా ఎవరి ఉష్ణోగ్రత అయినా తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య ఎక్కువగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ సాయంత్రం 99 కనిపించడం మామూలే. నోట్లో 100.4 (38 సెల్సియస్), అంతకు మించితే జ్వరం అని ఎక్కువమంది వైద్యులు తీసుకుంటారు.

వయసు మళ్లినవాళ్ల దగ్గర ఈ గీత పనిచేయదు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా వాళ్ల ఒళ్లు అంతగా వేడెక్కకపోవచ్చు. నోట్లో 100 దాటినా, వాళ్ల మామూలు అంకె కంటే 2 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగినా జ్వరంగానే లెక్కపెట్టాలి. నిన్నటిదాకా బాగా నడిచిన పెద్దాయన ఇవాళ మంచం దిగకపోవడం, తిండి మానేయడం, మాటలు కలగాపులగం కావడం, ఇవి థర్మామీటరు కంటే ముందే చెప్పే గుర్తులు.

“లోపల జ్వరంగా ఉంది, థర్మామీటరులో మాత్రం ఏమీ లేదు” అని చాలామంది అంటారు. కొట్టిపారేయకండి. మూడు రోజులు పొద్దున, సాయంత్రం కొలిచి రాయండి. సాయంత్రాలే పైకెళ్లే జ్వరం ఇలాగే దొరుకుతుంది. మూడు రోజులూ మామూలుగానే ఉండి నీరసం మాత్రం పోకపోతే అది జ్వరం కాదు. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి లాంటివి చూడాల్సి ఉంటుంది.

ఇంకో హెచ్చరిక. తీవ్రమైన ఎండలోనో వేడిలోనో ఉండి, 104 దాటి, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. జ్వరంలో మెదడే ఉష్ణోగ్రతను పైకి తీసుకెళ్తుంది కాబట్టి పారాసెటమాల్ పనిచేస్తుంది. వడదెబ్బలో ఒళ్లు వేడిని బయటికి పంపలేకపోతోంది, మాత్ర వల్ల ఉపయోగం లేదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేస్తూ అంబులెన్స్ పిలవండి.

3. రాసుకోండి

మొత్తం పనిలో అన్నిటికంటే విలువైనది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు, రోజుకు నాలుగుసార్లు చాలు. పావుగంటకోసారి కొలవడం వల్ల కంగారు తప్ప మరేమీ రాదు. మందు వేసే ముందు తప్పకుండా ఒకసారి కొలవండి. ఒక రోజు ఇలా ఉంటుంది:

రెండో రోజు
ఉదయం 7: 99.4, నోరు. తలనొప్పి. మందు వేయలేదు.
మధ్యాహ్నం 1: 101.2. ఒళ్లునొప్పులు. పారాసెటమాల్ 650.
సాయంత్రం 6: 102.6. పావుగంట వణుకు, తర్వాత చెమట. పారాసెటమాల్ 650.
రాత్రి 10: 100. మూత్రం ముదురు పసుపు, కొంచెమే. ఒకసారి వాంతి.

ఈ నాలుగు వరుసల్లో జ్వరం ఎటు నడుస్తోంది, వణుకు ఉందా, నీళ్లు సరిపోతున్నాయా, మందుకు ఎలా స్పందిస్తోంది అన్నీ ఉన్నాయి. జ్వరం మొదలైన తేదీ కాగితం పైన పెద్దగా రాయండి. డెంగీ లాంటి జబ్బుల్లో ఏ పరీక్ష చేయాలో, ఎప్పుడు జాగ్రత్తపడాలో అన్నీ ఆ తేదీనుంచే లెక్కిస్తారు.

4. తల నుంచి పాదాల దాకా వెతకండి

జ్వరం ఎక్కడో ఒకచోట నుంచి వస్తోంది. ఆ చోటు కోసం వరసగా చూసుకోండి. బట్టలు తీసి, వెలుతురులో, వీపు వైపు ఇంకొకరి చేత చూపించుకోండి.

ముక్కు కారడం, గొంతునొప్పి, దగ్గు, ఒళ్లునొప్పులు కలిసి ఉంటే ఎక్కువసార్లు వైరస్సే: జలుబు, ఫ్లూ, కోవిడ్. వీటిలో చాలావాటికి విశ్రాంతి, నీళ్లే వైద్యం. దగ్గుతో కళ్లె, ఊపిరి పీలిస్తే ఒక పక్క పొడుచుకున్నట్టు నొప్పి, ఆయాసం ఉంటే న్యుమోనియా అనుమానించాలి. మనిషి కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 12 నుంచి 20 మామూలు. 25కు చేరితే ఆలస్యం చేయొద్దు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి బట్టలు తడిసేంత చెమట, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి. ఇది క్షయ గుర్తు.

మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం మూత్రాశయ ఇన్‌ఫెక్షన్. అక్కడితో ఆగితే సాధారణంగా పెద్ద జ్వరం రాదు. జ్వరం, వణుకు, పక్కటెముకల కింద నడుం పక్క నొప్పి కూడా తోడైతే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి చేరి ఉండొచ్చు. అదే రోజు వైద్యం మొదలవ్వాలి. మగవాళ్లలో ప్రోస్టేట్ ఇన్‌ఫెక్షన్ కూడా ఇలాగే మొదలవుతుంది.

కడుపులో కుడివైపు కింద నొప్పి అపెండిక్స్, కుడివైపు పైన నొప్పి పిత్తాశయం లేదా కాలేయం వైపు చూపుతాయి. కళ్లు పచ్చబడితే కాలేయ పరీక్షలు కావాలి. రోజురోజుకూ మెట్లెక్కినట్టు పెరుగుతూ, తలనొప్పి, కడుపులో ఇబ్బంది, ఆకలి లేకపోవడంతో వారం వైపు నడిచే జ్వరం టైఫాయిడ్ కావొచ్చు.

చర్మాన్ని తొందరగా దాటేయకండి. కాలిమీద ఎర్రగా, వేడిగా, వాచి, అంచు రోజురోజుకూ పాకుతుంటే సెల్యులైటిస్, అంటే చర్మం లోపలి పొరల్లో ఇన్‌ఫెక్షన్. పెన్నుతో అంచు చుట్టూ గీత గీస్తే పాకుతోందో లేదో మర్నాడు తెలిసిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు కాలి వేళ్ల సందులు, అరికాళ్లు చూసుకోవాలి. అక్కడ పుండు ఉన్నా నొప్పి తెలియకపోవచ్చు. ఇక స్క్రబ్ టైఫస్. చిన్న పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు ఒక నల్లటి పెచ్చు ఉంటుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి రోగికే తెలియదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, చెవి వెనక, నడుం పట్టీ ఉండే చోట వెతకండి. ఆ ఒక్క పెచ్చు కనపడితే చాలు, డాక్టరు దారి సగం తేలికవుతుంది. డాక్సీసైక్లిన్‌తో బాగా తగ్గే జబ్బు, పట్టుకోకపోతే ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు కూడా.

కీళ్లు వాచి నడవలేకపోతే చికున్‌గున్యా ఉండొచ్చు. పిక్కల్లో నొప్పి, పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు, కొద్దిరోజుల క్రితం మురికినీళ్లలో లేదా వరదనీళ్లలో నడవడం, ఈ మూడూ కలిస్తే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల లాంటి జంతువుల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే బ్యాక్టీరియా జబ్బు) అనుమానించాలి. ఒకే కాలు వాచి పిక్క నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. దానికీ జ్వరం వస్తుంది. పళ్లు, చిగుళ్లు, చెవి నొప్పి మర్చిపోకండి. కారణం తెలియని జ్వరం అనుకున్నది పంటి కింద చీముగడ్డగా తేలడం ఉంది.

5. గత నెలంతా గుర్తుచేసుకోండి

ఎక్కడికి వెళ్లొచ్చారు? అక్కడ మలేరియా ఉందా? వచ్చి నెల దాటినా చెప్పండి. వైవాక్స్ రకం మలేరియా నెలల తర్వాత కూడా పైకి రాగలదు. దోమలు, పురుగులు కుట్టాయా, పశువుల దగ్గర పని చేశారా, పచ్చిపాలు తాగారా, ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం ఉందా, ఈమధ్య ఆపరేషన్, పంటి పని, టీకా, కొత్త లైంగిక సంబంధం ఉన్నాయా? చివరిది చెప్పడానికి మొహమాటపడతారు. హెచ్ఐవీ సోకిన తొలి వారాల్లో వచ్చే జ్వరం మామూలు ఫ్లూలానే ఉంటుంది కాబట్టి చెప్పి తీరాలి.

కొత్తగా మొదలుపెట్టిన మందు ఉంటే అదీ చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్స్, ఫిట్స్ మందులు వాటంతటవే జ్వరం తెప్పిస్తాయి, ఎక్కువగా మొదలుపెట్టిన వారం పది రోజులకు. అనుమానం వచ్చినా సొంతంగా ఆపకండి, అడగండి.

6. జ్వరం తగ్గించండి, మితంగా

ఉద్దేశం మనిషికి సుఖం ఇవ్వడం, అంకెను 98.6కు లాగడం కాదు. 100.6 ఉన్నా హాయిగా తింటూ, తాగుతూ ఉంటే మందు లేకపోయినా ఫర్వాలేదు.

పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటల ఎడం. ఒకసారి 1000, రోజు మొత్తంలో 4000 మిల్లీగ్రాములు మించకూడదు. 50 కిలోల లోపు బరువున్నవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు అంతకంటే చాలా తక్కువలోనే ఆగాలి, ఎంతో డాక్టరును అడగాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: జలుబు మాత్రల్లో, ఒళ్లునొప్పుల మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. మూడు పేర్లతో మూడు మాత్రలు వేసుకుని, మూడింటిలోనూ అదే మందు మింగుతుంటారు. అట్ట వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి, అన్నీ కలిపి లెక్కవేయండి.

కారణం తేలేదాకా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జ్వరానికని మొదలుపెట్టొద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. గుండెకోసం ఇప్పటికే ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా మానకుండా ఫోన్ చేసి అడగండి. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోవద్దు. వైరస్ మీద అవి పనిచేయవు. బ్యాక్టీరియా ఉంటే అరకొర మోతాదు వల్ల జ్వరం కొంచెం అణిగి, రక్తపు కల్చర్ పరీక్షలో (రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్ష) ఏమీ దొరకకుండా పోతుంది. త్వరగా తగ్గాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్ అడగడం ఇంకా ప్రమాదం. జ్వరం దిగినట్టే ఉంటుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది.

తడిగుడ్డతో తుడవాలంటే గోరువెచ్చటి నీళ్లు వాడండి. ఐసునీళ్లతో వణుకు పుట్టి ఉష్ణోగ్రత ఇంకా పెరుగుతుంది. వణుకు ఉన్నంతసేపు దుప్పటి కప్పండి, ఆగాక పల్చటి బట్టలు చాలు. “చెమట పడితే జ్వరం దిగుతుంది” అని దుప్పట్లు మీద దుప్పట్లు కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది.

నీళ్లు కొద్దికొద్దిగా, తరచుగా తాగించండి. ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిమీద రాసినన్ని నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసులో చిటికెడు వేసుకోకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరును అడగాలి. షుగర్ ఉన్నవాళ్లు రక్తంలో చక్కెరను మామూలుకంటే ఎక్కువసార్లు చూసుకోవాలి. తిండి తగ్గిందని ఇన్సులిన్ పూర్తిగా మానేయకూడదు.

7. పరీక్షలు: సరైన రోజున సరైనది

మొదటి రోజే అన్ని పరీక్షలూ చేయించేస్తే డబ్బు పోతుంది, జవాబు రాదు. మొదటి రెండు రోజులు ప్రమాద లక్షణాలు లేకుండా, జలుబూ దగ్గూ స్పష్టంగా ఉంటే ఆగొచ్చు. మూడో రోజుకూ తగ్గకపోతే, లేదా కారణం ఏమీ కనిపించకపోతే డాక్టరును కలవండి. మలేరియా ఉన్నచోట నుంచి వచ్చి ఉంటే మాత్రం మొదటి రోజే రక్తపరీక్ష.

మలేరియా పరీక్ష ఒకసారి నెగెటివ్ వస్తే లేదని కాదు. అనుమానం గట్టిగా ఉంటే 12 నుంచి 24 గంటల తర్వాత మళ్లీ చేయాలి. డెంగీకి తొలి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్ ప్రోటీన్‌ను పట్టే రక్తపరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (వైరస్‌కు ఎదురుగా ఒళ్లు తయారుచేసే యాంటీబాడీల పరీక్ష) ఉపయోగపడతాయి. రెండో రోజు ఐజీఎం చేయించి “డెంగీ లేదు” అని నిశ్చింతగా ఉండిపోకండి. టైఫాయిడ్‌కు ఒకే ఒక్క విడాల్ పరీక్ష ఆధారంగా మందులు మొదలుపెట్టడం చాలా చోట్ల జరుగుతోంది. పాత ఇన్‌ఫెక్షన్ వల్లా, టీకా వల్లా కూడా అది పాజిటివ్ రావొచ్చు. నమ్మకమైనది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్‌కు ముందు తీసినది.

8. నిజంగా తగ్గిందా?

మాత్ర వేసిన గంటకు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ దిగితే మందు పనిచేసినట్టు. జబ్బు తగ్గినట్టు కాదు. పారాసెటమాల్‌కు దిగింది కాబట్టి వైరలే అన్న లెక్క కూడా తప్పు. బ్యాక్టీరియా జ్వరమూ దిగుతుంది. మందు లేకుండా పూర్తిగా 24 గంటలు 100 లోపు ఉండి, ఆకలి తిరిగొచ్చి, మూత్రం లేతరంగులో సరిగా వస్తుంటే తగ్గిందనుకోవచ్చు.

ఒక్క డెంగీ దగ్గర ఈ ధైర్యం పనికిరాదు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగిన తర్వాతి 24 నుంచి 48 గంటలే దానిలో అసలు ప్రమాదకాలం. జ్వరం పోయింది కదా అని పనికి వెళ్లిపోయేది సరిగ్గా అప్పుడే. కడుపునొప్పి, వాంతులు, చిరాకు లేదా మత్తు, చల్లటి చేతులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రి. ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూస్తూ కూర్చోకండి. రక్తం చిక్కబడుతోందా అని చెప్పే హెమటోక్రిట్, బీపీ, మూత్రం కూడా అంతే ముఖ్యం.

వారం దాటినా జ్వరం పోకపోతే వెతుకులాట మళ్లీ నాలుగో అడుగు నుంచి మొదలవ్వాలి. మూడు వారాలు దాటి, పదేపదే 101 (38.3 సెల్సియస్) పైన ఉంటూ, పరీక్షల్లో ఏమీ దొరకని జ్వరాలకు 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే వైద్యులు ఒక నిర్వచనం ఇచ్చారు. అప్పుడూ ఇప్పుడూ ఆ జాబితాలో ఉండేవి మూడు పెద్ద గుంపులు: క్షయ, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్, లోపలి చీముగడ్డల్లాంటివి ఒకటి, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) లాంటి క్యాన్సర్లు రెండు, లూపస్ లాంటి కీళ్ల, రోగనిరోధక జబ్బులు మూడు. ఈ దశలో డాక్టర్లను మారుస్తూ పోవడం కంటే ఒక ఫిజీషియన్ దగ్గర నిలబడి, పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి చూపించడం మేలు.

డాక్టరు ముందు కూర్చున్నాక “బాగా జ్వరం సార్” అనకండి. కాగితం చేతిలో పెట్టి ఇలా చెప్పండి: “సోమవారం సాయంత్రం మొదలైంది, ఇవాళ నాలుగో రోజు. సాయంత్రాలు వణుకుతో 102 దాటుతోంది. దగ్గు లేదు, మూత్రంలో మంట లేదు. ఎడమ గజ్జల్లో ఒక నల్ల పెచ్చు ఉంది. పారాసెటమాల్ తప్ప ఏమీ వేసుకోలేదు. నాకు షుగర్ ఉంది, ఇవీ నా మందులు.”